మూగజీవి బాధ – మన మొగమాటం

కొన్ని సంగతులు నలుగురిలో మాట్లాడుకోవడానికి మొగమాటంగా వుంటవి. ఇంట్లో పసిపిల్లకు రెండు రోజులు విరేచనం కాకపోతే ఎదురింటివారిని, పక్కింటివారిని నిస్సంకోచంగా సలహా అడుగుతాము. అదే పెంపుడు కుక్కకు తోకక్రింద ఏదో బాధ వచ్చిందనుకోండి, "ఛీ, ఇదేం చెప్పుకోదగిన విషయం?" అని నోరు కట్టేసుకుని కూర్చుంటాము. మేమూ అట్లాగే కూర్చున్నాము. ఒకటి రెండు రోజులు గాదు, పదిహేను రోజులు. దానికి శిక్ష అనుభవించినది మేము కాదు, మా మణి. అందుకే, చదివేవారు ముక్కు చిట్లించినా సరే, ఈ సంగతి మన పత్రికలో రాయాలని నిశ్చయించుకున్నాము.

కుక్కలను పెంచే ఇళ్ళు మనవారిలో తక్కువేమీ గాదు. రాజపాళయం పేరుతో దేశమంతా ఎరిగిన తెల్లని వేటకుక్క పుట్టినచోట మన తెలుగు రాజుల కుటుంబాలు తరతరాలుగా వున్నవి. 2005లో మన తపాలాశాఖవారు ఆ జాతి కుక్క బొమ్మతో ఒక తపాలాబిళ్ళ కూడా వేశారు. మా మణి అంతటి వంశంవాడు కాడు. తల్లి పామరేనియన్, తండ్రి వీధివాడు. ఐనా మాకు వాడే రాజపాళయం.

ఇంట్లో చేపల వాసన

మేము మధురలో స్థిరపడి నాలుగు తరాలైనది. మా ఇంట్లో తాతలనాటినుండి నీచు వండరు. అటువంటి ఇంట్లో ఒకనాటి సాయంకాలం ఆఫీసునుండి వచ్చి గడపలో కాలు పెట్టేసరికి గుప్పున ఎండుచేపల వాసన కొట్టినది. మా అమ్మగారు అప్పటికే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వసారాలో నిలబడివున్నారు.

"ఒరే, ఈ ఇంట్లోకి కరువాడు ఎవరు తెచ్చారురా?" అన్నారు.

వెతగ్గా వెతగ్గా వాసన మణి దగ్గర తేలినది. వీధి మొగన చేపలమ్మేవాళ్ళు కూర్చుంటారు. వీడు గొలుసు తెంచుకుని అక్కడికి పోయి వుంటాడని మేము తీర్పు చెప్పేశాము. సాక్ష్యం లేదు, విచారణ లేదు. వార్తాపత్రిక చుట్టి రెండు దెబ్బలు వేసి, దొడ్లో జామచెట్టుకు కట్టేశాము. వాడు అరవలేదు. వెనుకకు తిరిగి తోకక్రింద నాకుకోవడం మొదలుపెట్టాడు.

మరునాటినుండి మణి కొత్త ఆట నేర్చాడు. వెనుకకాళ్ళు ముందుకు చాచి, పిర్రలు నేలకు ఆనించి, ముందుకాళ్ళతో ఈడ్చుకుంటూ పోవడం. పిల్లలు చప్పట్లు కొట్టి "మణి బండి తోలుతున్నాడు" అని నవ్వారు. మేమూ నవ్వాము. పక్కింటి పాట్టిగారు చూసి, "వయిత్తిలే పూచ్చి" అన్నారు. అంటే కడుపులో పురుగులన్నమాట. అరవమైనా తెలుగైనా ఈ వైద్యం ఒక్కటే. మందుల దుకాణంలో అడిగి ఒక బిళ్ళ తెచ్చి పెరుగన్నంలో కలిపి పెట్టాము. పని ఐపోయిందని చేతులు దులుపుకున్నాము.

ఆఫీసులో ఒక కాగితం కదలకపోతే దానిమీద మరొక కాగితం పెట్టి క్రిందిది మరచిపోవడం మాకు అలవాటే. మణి సంగతీ అట్లాగే చేశాము. వాడు క్రమంగా కూర్చోవడం మానేశాడు. చుట్టూ తిరిగి తిరిగి ఒక ప్రక్కకు ఒరిగి పడుకునేవాడు. దొడ్డికి పోయేటప్పుడు కుయ్యోమనేవాడు. అన్నం ముట్టడం తగ్గించాడు. మాకు ఇవన్నీ కనబడినవి, కాని ఒకదానితో ఒకటి కలిపి చూడలేదు.

పదమూడవ రోజు శుక్రవారం. మా చిన్నమ్మాయి బళ్ళోనుండి వచ్చి అలవాటు ప్రకారం మణి తోక దువ్వబోయినది. అయిదేళ్ళలో ఎన్నడూ పళ్ళు చూపని కుక్క గిరుక్కున తిరిగి దాని అరచేయి పట్టుకున్నాడు. వెంటనే వదిలేశాడు గాని, రెండు గాట్లు పడి నెత్తురు కారినది.

ఒక సంచి, ఒక ఆదివారం

ఆ సమయంలో మేము చేసిన మంచిపని ఒక్కటే. పసుపు, సున్నం, కాఫీపొడి అనే సలహాలు వినకుండా అమ్మాయి చేతిని కుళాయి క్రింద పెట్టి, సబ్బుతో 15 నిమిషాలు కడిగి, తిన్నగా ఆసుపత్రికి తీసుకుపోయాము. మా అమ్మగారు పిచ్చికుక్క మందంటే బొడ్డుచుట్టూ పొడిచే పధ్నాలుగు సూదులే ననుకుని ఏడ్చారు. ఇప్పుడా పద్ధతి లేదు. కూనూరులో 1907లో పాశ్చరు సంస్థ వెలసిన నాటినుండి ఈ వైద్యం ఎంతో దూరం వచ్చినది. సూది భుజానికే వేస్తారు, సంఖ్యా తక్కువే. కాని డాక్టరు చెప్పిన తేదీలలో ఒక్కటీ తప్పరాదు. ఇంటి కుక్కకు టీకా వేయించాము గదా అని ఊరుకోనూ రాదు.

ఇంటికి వచ్చాక అమ్మగారు, "పిల్లలను కరచే కుక్క ఇంట్లో వుండరాదు. దాన్ని వదిలిపెట్టి రా నాయనా" అన్నారు. మాకూ కోపంగా వున్నది. వైగై అవతల ఎక్కడైనా వదిలిపెట్టి వద్దామని ఆఫీసు స్నేహితుడొకరు బండి ఇస్తానన్నారు. ఆదివారం తెల్లవారుజామున అని ముహూర్తం పెట్టి, ఒక గోనెసంచి తెచ్చి వాకిట్లో పెట్టాము. అమ్మాయి కట్టుకట్టిన చేత్తో ఆ సంచిని చూసి ఏమీ అనకుండా లోపలికి పోయినది.

శనివారం రాత్రి మా ఇంట్లో ఆవిడ మణికి నీళ్ళు పెట్టడానికి దొడ్లోకి వెళ్ళి, టార్చిలైటు వేసి పిలిచినది.

"ఏమండీ, ఒక్కసారి ఇటు రండి. ఇది పొగరు కాదండీ, పుండు."

చూశాము. తోకక్రింద కుడివైపున నిమ్మకాయంత వాపు. కందిన చర్మం పగిలి చీము, నెత్తురు కారుతున్నవి. పదిహేను రోజులుగా వాడు మాకు చెబుతున్నది అదే. ఈడ్చుకుని చెప్పాడు, నాకుకుని చెప్పాడు, చివరకు కరచి చెప్పాడు.

ఆదివారం ఉదయం మణి బండి ఎక్కాడు. వైగై అవతలకు గాదు, పశువైద్యుల వద్దకు.

డాక్టరమ్మగారు చెప్పిన పాఠం

ఆవిడ ముందుగా మెత్తని గుడ్డతో మణి మూతి కట్టించారు. నొప్పిలో వున్న కుక్క ఎంతటి సాధువైనా కరుస్తుందట. చేతికి తొడుగు వేసుకుని చూసి, మత్తు ఇచ్చి, చీము తీసి, తిత్తి లోపల శుభ్రంగా కడిగారు. "ఎన్నాళ్ళనుండి?" అని అరవంలో అడిగారు. చెప్పాము. "మొదటి రోజే తీసుకువచ్చివుంటే రెండు నిమిషాల పని సార్" అన్నారు. ఆ మాట ఇప్పటికీ మా చెవిలో వున్నది.

ఆవిడ వివరించిన సంగతి ఇది. కుక్క మలద్వారానికి ఇరుప్రక్కలా చర్మం లోపల రెండు చిన్న తిత్తులుంటవి. మలద్వారాన్ని గడియారపు ముఖమనుకుంటే 4 అంకె, 8 అంకె వుండే చోట్లన్నమాట. మలద్వారాన్ని బిగించి వుంచే రెండు కండరాల వలయాల నడుమ ఇవి ఇమిడివుంటవి. చిన్న కుక్కలో బఠాణీగింజంత, పెద్ద కుక్కలో ద్రాక్షపండంత వుంటవి. వాటి గోడలలోని గ్రంథులు ఒక ద్రవాన్ని ఊరుస్తవి. ఒక్కొక్క తిత్తినుండి ఒక సన్నని గొట్టం మలద్వారపు అంచున తెరుచుకుంటుంది. కుక్క గట్టిగా దొడ్డికి పోయినప్పుడు ఆ ఒత్తిడికి తిత్తి పిండుకుని నాలుగు చుక్కలు బయటికి వస్తవి. మిక్కిలి భయపడినప్పుడూ అట్లాగే వస్తవి. ఆ ద్రవానిదే మా ఇంట్లో కొట్టిన చేపల వాసన! మణి చేపల జోలికి పోనే లేదు.

ఇంతకూ ఆ వాసన దేనికి? ఇద్దరు తెలుగువారు పైవూళ్ళో కలుసుకుంటే "మీ ఇంటిపేరేమండీ?" అని అడుగుతారు గదా. రెండు కుక్కలు కలుసుకున్నప్పుడు తోకక్రింద వాసన చూసుకోవడం అటువంటిదే. ఎవరు, ఎక్కడివారు అనే వివరం ఆ వాసనలో వుంటుంది. వాసన దాచే తిత్తి అనగానే మనకు అసహ్యం. కాని తిరుమలలో స్వామివారి సేవకు వాడే పునుగు ఎక్కడినుండి వస్తుంది? పునుగుపిల్లి తోకక్రింది తిత్తినుండే. దాని తిత్తి వేరు, కుక్క తిత్తి వేరు, నిజమే. ఐనా భగవంతుడు జంతువులకు చేసిన ఏర్పాటులో అసహ్యపడవలసినదేమీ లేదని మా అమ్మగారికి ఈ ఒక్క మాటతో నచ్చినది.

ఎందుకు మూసుకుపోతుంది?

విరేచనం గట్టిగా కాకపోవడం ముఖ్యకారణాలలో ఒకటి. పలుచగా అయితే తిత్తిమీద ఒత్తిడి పడదు. లోపలి ద్రవం నిలిచి, చిక్కబడి, ముద్దై, గొట్టానికి బిరడా వేసినట్లవుతుంది. ఒళ్ళు కొవ్వెక్కిన కుక్కలకు, చర్మపు దురద లేదా తిండి పడకపోవడం వున్నవాటికి ఈ బాధ ఎక్కువ. పెద్ద జాతులకంటె చిన్న జాతులలో ఎక్కువగా కనబడుతుంది.

మూసుకుపోవడం మొదటి మెట్టు. అప్పుడు కుక్క ఈడ్చుకుంటుంది, నాకుకుంటుంది, తోక మొదలు కొరుక్కుంటుంది. రెండవ మెట్టు సూక్ష్మజీవులు చేరి వాచడం. అప్పుడు కూర్చోలేదు, ముట్టనివ్వదు. మూడవ మెట్టు చీముగడ్డ. అది పగిలితే మలద్వారం ప్రక్కన రంధ్రం పడుతుంది. మా మణి మూడు మెట్లూ ఎక్కేవరకు మేము చూస్తూ కూర్చున్నాము.

పురుగులవల్లనూ కుక్క ఈడ్చుకోవచ్చును. పాట్టిగారి మాట పూర్తిగా తప్పు కాదు. బద్దెపురుగు వున్న కుక్క మలంమీద, తోకక్రింది బొచ్చులో దోసగింజల వంటి తెల్లని ముక్కలు కనబడుతవి. ఎండితే బియ్యపుగింజల్లాగ వుంటవి. కుక్క బొచ్చులో గెంతే చిన్న నల్లపురుగులను అది కొరుక్కుంటూ మింగితే వాటిద్వారా ఈ బద్దెపురుగు కడుపులో చేరుతుంది. కనుక అటువంటప్పుడు కడుపుకు మందు ఇచ్చి ఊరుకుంటే చాలదు, బొచ్చులోని పురుగులనూ పోగొట్టాలి. ఏది ఏ కారణమో వేలితో పరీక్షించి తేల్చవలసినది డాక్టరుగారు. మనం ఊహించరాదు.

ఇంట్లో చేయవలసినవి, చేయరానివి

మొదటి మెట్టులో డాక్టరుగారు తొడుగు వేసుకున్న వేలితో తిత్తిని మెల్లగా పిండి ఖాళీ చేస్తారు. వచ్చిన ద్రవం గోధుమరంగులోగాని, పసుపుపచ్చగాగాని పలుచగా వుంటే భయం లేదు. ముద్దగా వస్తే మూసుకుపోయినదని, చీమో నెత్తురో వస్తే చెడినదని తెలుసుకుంటారు. మరీ గట్టిపడితే మత్తు ఇచ్చి ఉప్పునీటితో కడిగి, లోపల మందు పెడతారు. తరచు ఈ బాధ వచ్చే కుక్కలకు కొన్ని వారాలకొకసారి పిండించవలసి వుంటుంది. ఓపిక వున్న యజమానులకు ఆ విధానం నేర్పుతారు కూడా. చూసి, వారి ఎదుట చేసి, నేర్చుకున్న తరువాతనే ఇంట్లో చేయాలి. వాపు, నొప్పి వున్నప్పుడు మాత్రం ఎవరికి వారు నొక్కితే తిత్తి లోపలే చిట్లే ప్రమాదం వున్నది.

ఏ బాధా లేని కుక్కకు ఊరికే పిండించరాదు. బొచ్చు కత్తిరించే దుకాణాలలో స్నానంతోపాటు ఇదీ ఒక సేవగా చేసేవారున్నారు. అక్కరలేని చోట మాటిమాటికి నొక్కితే బాగున్న తిత్తి వాచిపోతుంది.

మనం వేసుకునే నొప్పి బిళ్ళలు కుక్కకు వేయరాదు. పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ వంటివి కుక్కల ప్రాణానికే ముప్పు తేగలవు. పుండుమీద కిరసనాయిలు, సున్నం, కారపు లేపనాలు పూయరాదు. గడ్డ వున్నప్పుడు డాక్టరుగారు చెబితే గోరువెచ్చని నీటిలో గుడ్డ ముంచి, రోజుకు రెండు మూడుసార్లు, పది నిమిషాలసేపు కాపడం పెట్టవచ్చును. చేయి భరించలేని వేడి కుక్కా భరించలేదు.

తిండి సంగతి ముఖ్యం. మా మణికి మిగిలిన సాంబారన్నం, పాలు, పండుగనాడు బొబ్బట్టు, ఇదీ భోజనం. పాలు కొన్ని కుక్కలకు పడక విరేచనం పలుచనవుతుంది. సాంబారులోని ఉల్లిపాయ కుక్కల నెత్తురును చెరుస్తుందని మేము ఆనాడే విన్నాము. ఇప్పుడు వాడి అన్నంలో ఉప్పు కారం లేకుండా ఉడికించిన తియ్యగుమ్మడి, అదే మన ఇళ్ళల్లో పరంగికాయ అంటామే అది, ఒకటి రెండు చెంచాలు కలుపుతాము. క్యారెట్టు ఉడికించినా సరే. ఇసబ్‌గోల్ పొట్టు అయితే ఎంత అన్నది డాక్టరుగారినే అడిగి, నీళ్ళు బాగా కలిపి పెట్టాలి. మార్పు ఏదైనా వారం పది రోజులమీద మెల్లగా చేయాలి. విరేచనం గట్టిపడుతుందని ఉడికించిన ఎముకలు వేయరాదు. అవి పెళుసుగా చీలి పేగులో గుచ్చుకుంటవి. మణి ఒళ్ళు తగ్గడానికి మేము రోజూ సాయంకాలం నడిపిస్తున్నాము. దానివల్ల మా పొట్టకూ కొంత మేలే జరిగినది.

మందులతో తగ్గక మాటిమాటికి వచ్చేవాటికి తిత్తులను తీసివేసే శస్త్రచికిత్స వున్నది. అక్కడ మలం ఆపుకునే నరాలు సమీపంలో వుంటవి గనుక, ఆ పట్టు కొంతకాలమో, అరుదుగా శాశ్వతంగానో పోయే భయం లేకపోలేదు. చేయి తిరిగిన వైద్యులే చేయవలసిన పని. ముసలి కుక్కకు తోకక్రింద ఒకవైపున గట్టి గడ్డ తగిలినా, లేక అది ఎన్నడూలేనంత నీళ్ళు తాగుతూ, మాటిమాటికి మూత్రం పోస్తున్నా అశ్రద్ధ చేయరాదు. ఆ తిత్తులలో పుట్టే పుట్టకురుపు ఒకటున్నది. అది నెత్తురులో సున్నపు అంశాన్ని పెంచి ఇటువంటి దాహం పుట్టిస్తుంది. త్వరగా కనిపెడితేనే వైద్యానికి లొంగుతుంది.

తీర్పు మార్చుకున్నాము

డాక్టరమ్మగారితో గోనెసంచి సంగతి కూడా దాచలేదు. ఆవిడ కేకలు వేయలేదు. "కరచిన కుక్కను 10 రోజులు కళ్ళముందు వుంచుకుని గమనించాలి సార్. దాన్ని వదిలేస్తే మీ అమ్మాయి సంగతి మీకెట్లా తెలుస్తుంది?" అన్నారు. పెంచుకున్న జంతువును ఆకలి దప్పులకు వదిలివేయడం 1960నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరమనికూడా చెప్పారు. రోజూ చట్టాలూ, నియమాలూ కాగితాలమీద నకలు రాసే మాకు ఆ మాట మరొకరు చెప్పవలసి వచ్చినది.

మణికి పది రోజులు మందులు సాగినవి. పుండు నాకకుండా మెడకు లాంతరు చిమ్నీ వంటి తొడుగు తగిలించారు. పగలంతా మేము ఆఫీసులో, పిల్లలు బళ్ళో. ఇక కాపడం ఎవరు పెట్టాలి? ఏనాడూ మణిని ముట్టని మా అమ్మగారే పాత ధోవతి చింపి, నీళ్ళు కాచి, ముక్కుకు కొంగు చుట్టుకుని కూర్చున్నారు. "ఎట్లాగూ స్నానం చేస్తాను గదా" అన్నారు. మొదటి రెండు రోజులు మణి గుర్రుమన్నాడు. మూడవరోజునుండి గిన్నె చప్పుడు వినగానే వచ్చి ప్రక్కకు తిరిగి పడుకున్నాడు.

ఒక సాయంకాలం కాపడం పెడుతూ అమ్మగారు పిల్లలకు సరమ కథ చెప్పారు. భారతం ఆదిపర్వంలోని కథే. జనమేజయుని యజ్ఞశాలకు వచ్చిన కుక్కపిల్లను అతని తమ్ములు కొట్టారు. అది హవిస్సును ముట్టలేదు, తప్పేమీ చేయలేదు. తల్లి సరమ వచ్చి, తప్పు చేయనివాణ్ణి ఎందుకు కొట్టారని రాజును నిలదీసినది. రాజువద్ద జవాబు లేకపోయినది. కథ పూర్తికాగానే మా చిన్నమ్మాయి మావైపు తిరిగి, "మణి చేపలు తినలేదు గదా నాన్నా?" అని అడిగినది. మావద్దా జవాబు లేకపోయినది.

అమ్మాయి సూదులన్నీ తేదీ తప్పకుండా పూర్తైనవి. దాని చేయి మానినది. మణి ఇప్పుడు నిటారుగా కూర్చుంటాడు. కుక్క సరిగ్గా కూర్చోవడంకూడా చూసి సంతోషించదగిన విషయమని మాకు ఇంతకుముందు తెలియదు.

మనవారిలో కుక్కను పెంచే ప్రతివారికీ మా విన్నపం ఒక్కటే. అది ఈడ్చుకుంటే నవ్వకండి, వాసన వస్తే కొట్టకండి, కరిస్తే గెంటకండి. ముందు తోక ఎత్తి చూడండి. మొగమాటం మనకేగాని దానికి లేదు.

ఆ గోనెసంచి పారవేయలేదు. నాలుగు మడతలు పెట్టి వాకిట్లో వేశాము. రాత్రిళ్ళు మణి దానిమీదనే పడుకుంటాడు.